అందరూ చేరితేనే... గమ్యం!

పందెంలో ముందొచ్చినవాడు గెలుస్తాడు. దూరపు సైకిల్ యాత్రలో లెక్క వేరు. అక్కడ వెనకబడినవాడి కోసం ముందున్నవాళ్లు ఆగుతారు. టెక్కలి, పలాసల మీదుగా ఉద్దానం తీరానికి సాగే దారిలో ఆ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది.

విశాఖ నుంచో, ఇంకా అవతలి నుంచో తొక్కుకుంటూ వచ్చే మిత్రబృందానికి టెక్కలి చేరగానే ఓ ధీమా వస్తుంది. అక్కణ్నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద పలాస పాతిక ముప్ఫై కిలోమీటర్లే. అక్కడ రహదారి వదిలి తీరంవైపు తిరిగితే మరో పదిహేను ఇరవై కిలోమీటర్లలో సముద్రం. 'ఇంకెంత... వచ్చేసినట్టే' అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. కాళ్లు బిగుసుకుపోయి, నిద్ర చాలక తూగుతున్న మనిషికి ఆ కొద్ది దూరమే కొండంత. ఓపికున్నవాళ్లేమో సముద్రం చూడాలని దూసుకుపోతారు. అలిసినవాడు ఒంటరైపోతాడు.

నూరేళ్లనాటి నియమం
ఈ చిక్కుకి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. ఫ్రాన్స్‌లో 1904లో 'ఆడాక్స్' పద్ధతి సైకిల్ యాత్రలు మొదలయ్యాయి. లాటిన్‌లో ఆ మాటకి ధైర్యవంతుడని అర్థం. ముందు ఓ నాయకుడు నిలకడైన వేగంతో వెళ్తాడు. అతణ్ని దాటి ఎవరూ వెళ్లకూడదు. బృందమంతా కలిసే చేరాలి. 1921లో ఇందులోంచి రెండో పద్ధతి పుట్టింది. ఎవరి వేగం వాళ్లది, గడువులోగా వస్తే చాలు. మనదేశంలో ఆడాక్స్ ఇండియా రాండనర్స్ ఆధ్వర్యంలో జరిగే 'బ్రెవే' యాత్రలు ఈ రెండో రకానివే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు గడువు. ఈ నాలుగూ ఒకే సీజన్లో పూర్తిచేసినవాళ్లని 'సూపర్ రాండనర్' అంటారు. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ వీటన్నిటికీ పెద్దన్న. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరిగే ఆ 1200 కిలోమీటర్ల యాత్రకి గరిష్ఠ గడువు 90 గంటలు.

వీటిలో ర్యాంకులుండవు. దారిపొడవునా కారు వెంటబెట్టుకుని సాయం పొందడం కుదరదు. కానీ తోటి సైక్లిస్టు పంక్చరు వేసిపెట్టొచ్చు, తన సీసాలోని నీళ్లు పంచొచ్చు. అంటే... నియమాల్లోనే స్నేహానికి చోటుందన్నమాట!

ఎదురుగాలిలో తోడు
పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, సముద్రం మీంచి గాలి ఒడ్డుకి వీస్తుంది. పలాస నుంచి తీరానికి వెళ్లేవాళ్లకి అది ఎదురుగాలి. ఒక సైకిల్ వెనక ఒకటి వరసగా వెళ్తే వెనకవాళ్లకి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే ఓపికున్నవాళ్లు వంతులవారీగా ముందుండాలి. బాగా అలిసినవాణ్ని మధ్యలో పెట్టుకోవాలి. వేగం అతనిదే అందరిదీ కావాలి. లారీలు తిరిగే రహదారి మీద పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ వెళ్లడం మాత్రం వద్దేవద్దు.

నీళ్లూ... ఉప్పూ
కొబ్బరి, జీడి, పనస తోటలతో ఉద్యానవనంలా ఉండే ఉద్దానం దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో పోరాడుతోంది. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బుకే ఎండలో కాయకష్టం, ఒంట్లో నీరు తగ్గడం కారణాలు కావచ్చని పరిశోధకులు అనుమానిస్తున్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరిచ్చే పథకమూ ఆరోజే మొదలైంది.

ఇక్కడికి సైకిల్ మీద వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. దాహమేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు తాగాలి. చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉత్త నీళ్లే అతిగా పట్టించడమూ ప్రమాదమే. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. బొండంతోపాటు ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్సో తీసుకోవడం మంచిది. మోకాలి నొప్పికి నొప్పిమాత్ర మింగి తొక్కేద్దామనుకోవడం ఇంకా ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటిలో చాలా మందులు కిడ్నీలను దెబ్బతీయగలవు. స్నేహితుడు తూలుతున్నా, మాట తడబడుతున్నా యాత్ర అక్కడితో ఆపేయాలి. గడువు పోతే మళ్లీ రావచ్చు.

ఓపిక తెలిసిన నేల
2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని కూకటివేళ్లతో పెకలించింది. పొడుగు రకం కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది. అయినా రైతులు మళ్లీ నాటారు. అలాంటి తోటల మధ్య నుంచి వెళ్తూ, వెనకున్నవాడి కోసం అరగంట ఆగలేమా?

సముద్రం ఎక్కడికీ పోదు. తీరానికి ముందున్న ఊరి దగ్గరే ఆగండి. లెక్క చూసుకోండి. ఆఖరి సైకిల్ కూడా వచ్చాక అందరూ ఒకేసారి ఇసుకలోకి దిగండి. యాత్ర పూర్తయ్యేది అప్పుడే!