దొంగ వెనకాల పరిగెత్తాలా? బకాలాలో పనిచేసే మనవాళ్ళకి నాలుగు మాటలు

(రేడియో ప్రసంగ పాఠం)

 

పోయిన నెల రాయచోటి నుంచి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఫర్వానియాలో బకాలాలో పని. "అన్నా, పిల్లలు నలుగురు కలిసి వస్తారు. ఇద్దరు నన్ను మాటల్లో పెడతారు, ఇద్దరు చాక్లెట్లు జేబులో వేసుకుంటారు. ఊరుకుంటే ముదీర్ తిడతాడు. పట్టుకుంటే ఏమవుతుందో తెలీదు. ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు.

ఈ ప్రశ్నకి జవాబు నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా కథ చెబుతాను, వినండి.

నేను కువైట్ వచ్చింది 2006లో. 2009లో ఒక దుకాణంలో కౌంటర్ మీద ఉన్నాను. పేరెందుకు లెండి. ఒకరోజు సాయంత్రం పద్నాలుగేళ్ళ పిల్లాడు రెండు కూల్‌డ్రింక్ టిన్నులు తీసుకుని డబ్బులివ్వకుండా బయటికి పరిగెత్తాడు. అంతకు వారం ముందే యజమాని "కళ్ళు మూసుకుని కూర్చుంటున్నావా?" అని నలుగురిలో అన్నాడు. ఆ మాట మనసులో ఉంది. వెంటపడ్డాను, చొక్కా పట్టుకున్నాను. పిల్లాడు కింద పడ్డాడు, మోచెయ్యి గీసుకుపోయింది.

అర్ధగంటలో వాళ్ళ నాన్న వచ్చాడు, తరువాత పోలీసులు వచ్చారు. ముఖఫర్‌లో అర్ధరాత్రి దాకా కూర్చున్నాను. నాకు అప్పుడు వచ్చిన అరబ్బీ "కమ్", "షుక్రన్", అంతే. అక్కడ మాట్లాడుతున్నది టిన్నుల గురించి కాదు, పిల్లాడి మోచెయ్యి గురించి. దొంగతనం చేసింది వాడు, కేసు నా మీద! చివరికి ఆ తండ్రి మంచివాడు కాబట్టి, నేను క్షమాపణ అడిగితే వదిలేశాడు. బయటికి వచ్చాక యజమాని ఏమన్నాడో తెలుసా? "పట్టుకోమని నీకెవరు చెప్పారు?"

ఆ రెండు టిన్నుల ఖరీదు పావు దినారు కూడా లేదు. పడ్డ పందెం మాత్రం నా ఇకామా, ఊళ్ళో కట్టాల్సిన అప్పు, చెల్లెలి పెళ్ళి. కువైట్‌లో కోర్టు శిక్ష పడకపోయినా, ప్రజాప్రయోజనం పేరుతో విదేశీయుణ్ణి వెనక్కి పంపే అధికారం హోం శాఖకు ఉంది. అందుకే లెక్క వేసి చూడండి అంటున్నాను.

ఇక్కడ మీలో కొంతమంది "యజమాని ఉప్పు తింటూ దొంగతనం చూస్తూ ఊరుకుంటే అది నమ్మకద్రోహం కాదా?" అంటారు. న్యాయమైన మాటే. మా నాన్నకు ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు ఉండేది. రోజుకు నాలుగు వస్తువులు పోతే లాభమంతా పోయినట్టే. కాకపోతే ఊళ్ళో కుర్రాడు బిస్కెట్ తీస్తే వాళ్ళ తాత పేరుతో సహా తెలుసు. సాయంత్రం ఇంటికెళ్ళి చెబితే సరిపోయేది. ఇక్కడ ఎదుటివాడెవరో తెలీదు, భాష రాదు, సాక్షి ఉండడు. ఊరుకోమని నేను చెప్పటం లేదు. చెయ్యి వెయ్యొద్దు అంటున్నాను. ఈ రెండిటికీ మధ్య చెయ్యదగ్గ పని చాలా ఉంది.

దానికి ఇంకో సంగతి చెబుతాను. తరువాత కొన్నాళ్ళకి ఖైతాన్‌లో వేరే దుకాణంలో చేశాను. ఒక తెలుగామె, ఇళ్ళల్లో పనిచేసే ఆవిడ, పారాసెటమాల్ పెట్టె, చిన్న పాల డబ్బా అబాయా లోపల పెట్టుకోవటం చూశాను. దగ్గరికి వెళ్ళి మెల్లగా "అక్కా, బుట్ట కావాలా? అవి కౌంటర్ దగ్గర పెట్టమంటారా?" అన్నాను. ముఖం ఎర్రబడింది. రెండూ తీసి నా చేతిలో పెట్టి, "జ్వరం తమ్ముడూ, మూడు నెలలుగా జీతం లేదు" అంది. నేను ఆ డబ్బులు నా జేబులోంచి కట్టి, బిల్లు వేసి ఇచ్చాను. అందరూ అలా కట్టాలని చెప్పను, మన జీతాలు మనకి తెలుసు. ఆ ఒక్క మాటతో సామాను అరకి తిరిగి వచ్చేది, ఆవిడ పరువూ నిలిచేది. అది గమనించండి. "నిన్ను చూశాను" అని మర్యాదగా తెలియజేస్తే చాలు, చాలామంది పెట్టేసి వెళ్ళిపోతారు.

ఇప్పుడు చట్టం సంగతి. మనవాళ్ళు వెంటపడేది ధైర్యం వల్ల కాదు, జీతంలో కోస్తారన్న భయం వల్ల. 18 నంబర్ వీసా మీద ఉన్నవాళ్ళకి 2010 నాటి 6వ నంబర్ కార్మిక చట్టం వర్తిస్తుంది. దాని 37వ ఆర్టికల్ ప్రకారం మీమీద ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా చెప్పి, మీ జవాబు విని, నమోదు చేశాకే శిక్ష వెయ్యాలి. 38వ ఆర్టికల్ ప్రకారం శిక్షగా నెలకి అయిదు రోజుల జీతానికి మించి కొయ్యకూడదు. 59వ ఆర్టికల్ ప్రకారం యజమానికి బాకీ ఉన్నా నెలకి జీతంలో 10 శాతం మించి పట్టకూడదు, వడ్డీ వెయ్యకూడదు. గొడవ తెగకపోతే మ్యాన్‌పవర్ అథారిటీలో ఫిర్యాదు చెయ్యవచ్చు. నెలలోపు అక్కడ రాజీ కుదరకపోతే కేసు కోర్టుకి వెళుతుంది. కార్మికుడికి కోర్టు ఫీజు లేదు. తెలీని కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. అరబ్బీ చదవగల మనిషికి చూపించండి.

ఇది కువైట్‌లోనే ఉన్న సమస్య కాదు. బ్రిటన్‌లో దుకాణ ఉద్యోగుల మీద దాడులు పెరిగి, స్కాట్లాండ్‌లో 2021లో వాళ్ళ రక్షణకే విడిగా చట్టం తెచ్చారు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్‌లో ప్లెజంటన్ ఊళ్ళో దొంగతనాన్ని ఆపబోయిన దుకాణ ఉద్యోగి తుపాకీ గుండుకి చనిపోయాడు. అమెరికాలో పెట్రోల్ బంకుల్లో, చిన్న స్టోర్లలో పనిచేస్తూ దోపిడీల్లో ప్రాణాలు పోగొట్టుకున్న మన తెలుగు పిల్లల వార్తలు మీరూ చదివారు. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ఒక్క మాట ఫోన్‌లో చెప్పండి: "గల్లా పెట్టె అడిగితే ఇచ్చెయ్యి నాయనా, నువ్వు ఇంటికి రా."

మరి ఏం చెయ్యాలి? ఆ తమ్ముడికి చెప్పిందే మీకూ చెబుతాను.

పనిలో చేరిన రోజే ముదీర్‌ని అడగండి, దొంగతనం కనిపిస్తే నేనేం చెయ్యాలి అని. జవాబు వాట్సాప్‌లో తెప్పించుకుంటే ఇంకా మంచిది. చిన్నవీ ఖరీదైనవీ, అంటే రేజర్లు, పెర్ఫ్యూములు, బ్యాటరీల్లాంటివి, కౌంటర్ వెనకాల పెట్టండి. గుంపు వస్తే కౌంటర్ వదలకండి, అందరికీ వినపడేలా పలకరించండి. అనుమానం వస్తే "ఇంకేమైనా కావాలా?" అని అడగండి. సంచి వెతకొద్దు, తలుపు మూయొద్దు, ఆడవాళ్ళనీ పిల్లల్నీ అసలు తాకొద్దు. వెళ్ళిపోతే పోనివ్వండి. వెంటనే టైము, బట్టల రంగు, ఏం పోయిందో రాసిపెట్టి యజమానికి చెప్పండి. బెదిరింపు, కత్తి, కొట్లాట అయితే 112కి ఫోన్ చెయ్యండి.

జమియాలు, మాల్స్ లాంటి చోట్ల కెమెరాలు ఉండాలనీ, రికార్డింగ్ 120 రోజులు ఉంచాలనీ 2015 నాటి 61వ నంబర్ చట్టం చెబుతోంది. ఆ రికార్డింగ్ అడగాల్సింది పోలీసులు. "దొంగ వీడే" అని ఆ క్లిప్పు మీరు గ్రూపుల్లో పెడితే నేరం మీ మీదకు వస్తుంది.

యజమాని సొమ్ము కాపాడటం మన ధర్మమే. ఆ కాపాడటం కళ్ళతో, నోటితో, కలంతో. చేతులతో కాదు.

ఆ తమ్ముడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. పిల్లలు వచ్చినప్పుడల్లా పేర్లు అడిగి పలకరిస్తున్నాడట. చాక్లెట్ డబ్బా కౌంటర్ మీదకి మార్చాడట. "ఇప్పుడు ఒకడు నాకు అరబ్బీ నేర్పుతున్నాడన్నా" అన్నాడు.

ఉంటాను మరి. జాగ్రత్తగా ఉండండి. నమస్కారం.