జీపుకు వెల కట్టడం ఎలా?

ఎద్దును కొనేవాడు పళ్ళు లెక్కపెడతాడు. బర్రెను కొనేవాడు పొదుగు చూస్తాడు. బంగారం కొనేవాడు గీటురాయి మీద గీసి చూపమంటాడు. మరి పాత జీపును కొనేవాడు ఏం చూడాలి? అమ్మేవాడు ఏ ధైర్యంతో ధర చెప్పాలి?

కారు సంగతైతే సులువే. ఏ సంవత్సరపు బండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని రెండు ప్రశ్నలు వేస్తే బేరం సగం తెగినట్టే. జీపు దగ్గర ఈ లెక్క సాగదు. అది ఎంత తిరిగిందన్న దానికంటె ఎక్కడ తిరిగిందన్నది ముఖ్యం. హనుమకొండ తారురోడ్డు మీద లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి, మా నల్లరేగడిలో ఇరవైవేలు తిరిగిన బండి ఒక్కటెలా అవుతాయి?

మాది మొగుళ్లపల్లి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు వరంగల్లు జిల్లాను విడిచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరాము. పత్తి, మిరప పండే నేల మాది. నాలుగు చినుకులు పడితే చాలు, చేలో మన్ను చెప్పును పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. ఇటువంటి చోట జీపు విలాసం కాదు. అందుకే మావాళ్ళు జీపును చూచే చూపు వేరుగా ఉంటుంది.

యుద్ధంలో పుట్టిన బండి

ఈ బండి పుట్టినది రెండవ ప్రపంచయుద్ధంలో. అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. అరవై గుర్రాల ఇంజను, నాలుగు చక్రాలకూ లాగే శక్తి, తలుపులు లేని ఒళ్ళు. ఇంతే దాని వైభవం.

మనదేశంలో 1945లో లూధియానాలో ఉక్కు వ్యాపారంగా మొదలైన మహీంద్రా అండ్ మొహమ్మద్ కంపెనీ, 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం ప్రారంభించింది. దేశవిభజన తరువాత భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశానికి తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1952లో సమాజాభివృద్ధి పథకం, 1959లో పంచాయతీ సమితులు వచ్చిన తరువాత జీపు అంటే పల్లెల్లో సర్కారు అన్నట్టే అయిపోయింది. దూరాన దుమ్ము లేస్తే, ‘బ్లాకు జీపు వస్తున్నది’ అని పిల్లలు పరుగెత్తేవారట.

ఆ సర్కారు జీపులు ముసలివైన తరువాత వేలానికి వచ్చేవి, రైతులు కొనుక్కునేవారు. ఇప్పుడా దారి మూసుకున్నది. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయి, అవి తుక్కుకే పోవాలని కేంద్రప్రభుత్వం నిర్ణయించింది. సైన్యం, శాంతిభద్రతల వంటి పనులకు వాడే ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. కనుక ఇక మీదట మంచి పాత జీపు కావాలంటే సొంతదారు వాకిట్లోనే వెదకాలి.

నాలుగు కళ్ళు, నాలుగు ధరలు

ఒకే జీపును నలుగురికి చూపండి, నాలుగు ధరలు చెబుతారు.

మొదటివాడు పాత ఇనుప సామాన్ల వ్యాపారి. ఆయన కిలోలు లెక్కవేస్తాడు. ఇంతకంటె తక్కువకు ఏ బండీ పోదు గనుక ఈ ధర తెలుసుకుని ఉండడం మంచిదే.

రెండవవాడు ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయన దగ్గర అచ్చువేసిన పట్టిక ఉంటుంది. ఆరునెలలు దాటిన బండికి ఏడాదిలోపు నూటికి 15 తగ్గింపు; రెండేళ్ళలోపు 20, మూడేళ్ళలోపు 30, నాలుగేళ్ళలోపు 40, అయిదేళ్ళలోపు 50. అయిదేళ్ళు దాటితే పట్టిక చేతులెత్తేస్తుంది. సొంతదారు, కంపెనీ మాట్లాడుకుని ఒక అంకె వేసుకోవలసిందే.

మూడవవాడు రైతు. ఇంకా ఎన్ని వానాకాలాలు పనిచేస్తుందని చూస్తాడు. నాలుగవవాడు పట్నంలో ఉద్యోగం చేస్తూ, ఆదివారం నాడు గుట్టలెక్కే సరదా ఉన్న యువకుడు. 2010లో థార్, 2020 అక్టోబరు 2న కొత్త థార్ వచ్చిన తరువాత ఈ సరదా బాగా పెరిగింది. కొత్తది కొనలేనివారు, కొన్నా పాతదాని మీద మనసుపడేవారు ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారు. వీరు ముందు ఇరుసు కింద తలపెట్టి చూచి గాని నోరు విప్పరు.

మా పెద్దబాపు బేరం

2024 ఎండాకాలంలో మా పెద్దబాపు తన జీపు అమ్మజూపాడు. అది 1996లో బ్యాంకు అప్పుతో కొన్న డీజిల్ ఎమ్మెమ్ 540. వరంగల్లు జిల్లా నాటి ‘ఏపీ 36’ నంబరు ఇంకా దాని నొసట ఉన్నది. మనుమరాలు వరంగల్లులో నర్సింగు చదువుతున్నది. ఆమె ఫీజుకు పొలం అమ్మడమా, జీపు అమ్మడమా అంటే జీపు అన్నది పెద్దమ్మ. పెద్దబాపు రెండురోజులు అన్నం సరిగా తినలేదు. మూడవనాడు మూడు లక్షలని ధర చెప్పాడు.

హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు, పరకాల నుంచి ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని. ఆ మేస్త్రీ పరీక్ష చూచి నేను నేర్చుకున్నది మీకూ పనికివస్తుందని రాస్తున్నాను.

ఆయన ముందుగా బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉందా లేదా అని! కొనేవాడు వచ్చేలోపల ఇంజనును వేడిచేసి ఉంచితే పొద్దుటిపూట మొరాయింపు బయటపడదు. తరువాత స్టార్టు చేయించి పొగ రంగు చూచాడు. నీలంగా వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నదన్నమాట. నల్లగా వస్తే డీజిలు ఎక్కువ పోతున్నది. తెల్లపొగ వేడెక్కిన తరువాత కూడా ఆగకపోతే లోపల నీళ్ళు దిగుతున్నాయేమోనని అనుమానించాలి. ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీసి, అక్కడినుంచి పొగ గుప్పుగుప్పుమని తంతున్నదా అని కూడా చూచాడు. అలా తంతే పిస్టన్లు, రింగులు అరిగినట్టు.

పిమ్మట నేలమీద పడుకుని కిందికి దూరాడు. రంగు ఎవరైనా వేయిస్తారు. చాసిస్ మాత్రం అబద్ధం చెప్పదంటాడాయన. కమాన్లు బిగించిన చోట, స్టీరింగు పెట్టె దగ్గర పగుళ్ళున్నాయా, పాత వెల్డింగు మచ్చలున్నాయా అని వెదికాడు. కాళ్ళకింది పట్టా ఎత్తి, రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూచాడు.

గేరుబాక్సు నుంచి, ఇరుసుల నుంచి నాలుగేసి చుక్కలు ఆయిలు తీసి వేలిమీద రుద్దాడు. పాలు కలిపిన చాయలా ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళినట్టు. ఈ పరీక్ష మా వైపు తప్పనిసరి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు, జనాన్ని కాపాడడానికి సైన్యం హెలికాప్టర్లు రావలసివచ్చింది. అటువంటి వరదలో మునిగిన బండిని కడిగి, తుడిచి, రంగువేసి అమ్మజూపేవారుంటారు. సీటు కింద మూలల్లో, లైట్ల అద్దాల వెనుక ఎండిన వండ్రు ఉంటే అదే సాక్ష్యం. పెద్దబాపు జీపు ఆ వానల్లో ఊరి మెరకమీద, కొట్టంలో ఉన్నది.

చివరగా బండిని దుక్కిచేలోకి తీసుకుపోయి నాలుగు చక్రాల గేరు వేయించాడు. తారురోడ్డు మీద ఎందుకు వెయ్యలేదని అడిగాను. ఈ పాత జీపుల్లో ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకదానికొకటి బిగిసిపోతాయట. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, వెనుకవి తక్కువ. మెత్తటి నేలలో చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. గట్టిరోడ్డు మీద ఆ బిగువంతా గేర్లమీద పడుతుంది. అందుకే నాలుగు టైర్లూ ఒకే కొలతలో ఉండాలనీ చెప్పాడు. కొన్ని జీపుల్లో డీజిలు కలిసివస్తుందని ముందు షాఫ్టు విప్పి పారేస్తారు. గేరు కర్ర మాత్రం అలంకారానికి మిగులుతుంది. పెద్దబాపు బండిలో షాఫ్టున్నది, గేరు పడ్డది, బండి మట్టిపెళ్ళలు చిమ్ముకుంటూ గట్టెక్కింది.

కాగితాల బరువు

ఇన్ని పరీక్షలు నెగ్గినా కుర్రవాడు లక్షా అరవైవేలన్నాడు. పెద్దబాపు కళ్ళు ఎర్రబడ్డాయి.

“నేనమ్మేది తుక్కు ఇనుమనుకున్నవా బిడ్డా? ఊళ్ళె అంబులెన్సు పేరు తెలువని దినాలల్ల, పురిటి నొప్పుల ఆడివిల్లలను అర్ధరాత్రి వాగు దాటించిన బండి ఇది!”

కుర్రవాడు మర్యాదస్తుడు. నెమ్మదిగా చెప్పాడు: “తాతా, మీరు దాటిన వాగుకు నేను పైసలెట్లియ్యాలె? నేను దాటబోయే వాగుకైతే ఇస్త. గానీ ఆర్సీ మీద ఇంకా బ్యాంకు పేరుంది.”

నిజమే. అప్పు 2001లోనే తీరింది. రిజిస్ట్రేషను 2011లో, తరువాత అయిదేళ్ళకొకసారి చొప్పున 2016లో, 2021లో పొడిగింపు అయింది. కాని ఆర్సీమీద తాకట్టు మాట అలాగే ఉండిపోయింది. అది ఉన్నంతవరకు బండి పేరు మారదు.

అప్పుడు పెద్దమ్మ లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెచ్చింది. అప్పు తీరినట్టు బ్యాంకువారిచ్చిన చీటీ, ఏటేటా కట్టిన ఇన్సూరెన్సు, క్లచ్చు మార్చిన బిల్లు, ఇంజను విప్పించిన బిల్లు, అన్నీ సంవత్సరాలవారీగా దారం కట్టి ఉన్నాయి. మేస్త్రీ వాటిని పావుగంట చదివాడు. చదివి, కుర్రవాణ్ణి పక్కకు పిలిచి ఏదో చెప్పాడు.

నెలరోజులు గడువనుకున్నారు. పెద్దబాపు ఆ చీటీ పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి, తాకట్టు రద్దుకు కావలసిన 35వ నంబరు ఫారం మీద సంతకం పెట్టించుకుని, రవాణా ఆఫీసులో తాకట్టు కొట్టివేయించాడు. పేరుమార్పుకు 29, 30 నంబరు ఫారాలు సిద్ధమయ్యాయి. రెండు లక్షల ముప్పైఅయిదువేలకు బేరం తెగింది. బండికి ఈ నెలలో ఒక్క మేకయినా కొత్తగా కొట్టలేదు. పెరిగిన డెబ్బయిఅయిదువేలు పెద్దమ్మ ట్రంకుపెట్టెవే అనాలి.

సింగారం సంగతి

జీపుకు పెద్ద పెద్ద టైర్లు, కొత్త ఇంజను, ఇనుప కొమ్ములు తగిలిస్తే ధర పెరుగుతుందని కొందరి భ్రమ. పంజాబు, హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీ ఇటువంటి సింగారాలకు ప్రసిద్ధి. చూడడానికి ముచ్చటగానే ఉంటాయి. కాని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీవారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. ఒక బండి ఒళ్ళు, మరొక బండి ఇంజను, ఇంకొక బండి కాగితం కలిపి కట్టిన జీపు ఎంత అందంగా ఉన్నా, కొన్నవాడికి తలనొప్పే. తెలిసినవాడు అసలు రూపానికే ఎక్కువ ఇస్తాడు.

కనుక జీపున్న ఇల్లాళ్ళకు నా మనవి ఒకటి. బండి తుడిచే పని మగవాళ్ళకు వదిలిపెట్టండి, బిల్లులు మాత్రం మీరు దాచండి. అమ్మదలచినవారు రంగు వేయించేముందు ఆర్సీ తీసి చదవండి. కొనదలచినవారు పక్కన మేస్త్రీ లేకుండా బయానా ఇవ్వకండి.

ఇక దాటిన వాగులకు వెల ఎవరు కడతారంటారా? ఆ లెక్క మా ఊళ్ళో ఇప్పటికే తేలింది. ఆ జీపులో వాగు దాటి ఆస్పత్రిలో పుట్టిన పిల్లలు నేడు పెరిగి పెద్దవారై తిరుగుతున్నారు. వారిలో ఒకతె ట్రాక్టరు నడుపుతున్నది కూడా. పెద్దబాపు ఎదురైతే ఆమె బండి ఆపి, “తాతా, ఎక్కు, ఇంటికాడ దింపుత” అంటుంది.