మీ డిజైన్‌ను తిప్పి చూడనివ్వండి!

పలాసలో జీడిపిక్కలు కోసే యంత్రాన్ని చూసొచ్చి, ప్రాజెక్టు కోసం క్యాడ్‌లో గీశారనుకోండి. ఇంటర్వ్యూలో ఎలా చూపిస్తారు? నేనైతే నా ప్రాజెక్టు ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లా. అక్కడి ల్యాప్‌టాప్‌లో ఆ సాఫ్ట్‌వేరే లేదు! రెండు ఫొటోలు చూపించి వచ్చేశా. వెనకవైపు నేను చేసిన మార్పు ఎవరికీ కనబడనే లేదు.

టెక్కలిలో చదువుతున్నా, ఉద్దానం నుంచి రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్తున్నా.. ఆ తిప్పలు మీకొద్దు. ఇలా చేయండి.

* భాగాలను విడివిడిగా ఎస్‌టీఎల్ ఫైళ్లుగా సేవ్ చేసి, ఉచితంగా దొరికే బ్లెండర్‌లోకి తెచ్చుకోండి.
* ‘డెసిమేట్’తో ముక్కోణాల సంఖ్య తగ్గించండి. లేదంటే ఫోన్‌లో తెరుచుకోవడానికే చాలాసేపు పడుతుంది.
* ఒక్కో భాగానికి ఒక్కో రంగు వేసి, మొత్తాన్ని ఒకే జీఎల్‌బీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి.
* వెబ్‌పేజీలో గూగుల్ ‘మోడల్ వ్యూయర్’ స్క్రిప్టు కలిపి, ఫైల్ పేరుతోపాటు ‘కెమెరా కంట్రోల్స్’ అని చేర్చండి. వేలితో ఎటైనా తిప్పొచ్చు.
* గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా ఉంచి, లింకును రెజ్యూమేలో ఇవ్వండి.

ఇంటర్న్‌షిప్‌లో గీసిన కంపెనీ డిజైన్లను మాత్రం అనుమతి లేకుండా పెట్టొద్దు. ఇంటర్వ్యూకు ముందు ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో ఓసారి తెరిచి చూసుకోండి. మీ పని ఏంటో ఇక వాళ్లే తిప్పి చూసుకుంటారు!