ఇంకొక్క రౌండు... ఎండెక్కాక వద్దు

కొత్తచెరువులో తెల్లవారుజామున ఐదింటికి బయటికొస్తే మీకు పాలవాళ్లకన్నా ముందు పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లు కొందరు, అగ్నివీర్ ర్యాలీ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు కొందరు. పుట్టపర్తి రోడ్డు మీద, బుక్కపట్నం దారిలో, బడి మైదానంలో ఎక్కడ చూసినా వాళ్లే. వానలు నమ్ముకోలేని సీమలో, వేరుశనగ ఒక ఏడు పండితే రెండేళ్లు ఎండే చోట, ఇంట్లో ఒక్కరికి సర్కారు ఉద్యోగం వస్తే చాలనుకునే కుటుంబాలు వీళ్లవి. అందుకే వీళ్లను 'పరుగెత్తకండి' అని చెప్పే డాక్టరును కాను నేను. చెప్పినా వినరు, వినాల్సిన పనీ లేదు.

చలికాలంలో ఈ పరుగు చూడముచ్చటగా ఉంటుంది. చిక్కంతా ఉగాది దాటాకే. సూర్యుడు పైకొచ్చినా మైదానం వదలరు. ఏడున్నర అవుతుంది, ఎనిమిదవుతుంది, 'ఇంకొక్క రౌండు' అంటూనే ఉంటారు. దీనికి తోడు ఈమధ్య ఛాలెంజ్ ఒకటి మొదలైంది. ఎవరు ఆఖరిదాకా నిలబడి ఎక్కువ రౌండ్లు కొడితే వాళ్లు గెలిచినట్టు, ముందు ఆగినవాళ్లు అందరికీ టిఫిన్ పెట్టించాలి. ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తుంటాడు. ఒళ్లు ఆగమంటున్నా ఆగకపోవడమే ఈ పందెం. వైద్యుడిగా నన్ను భయపెట్టేది సరిగ్గా అదే.

మంచు కొండల దేశాల్లోనూ ఇలాంటి సరదా ఉంది. వసంతంలో స్కీయింగ్ సీజన్ ముగిసే వారాల్లో ఎన్నిసార్లు కొండెక్కి దిగగలమని పందేలు వేసుకుంటారు. కానీ అక్కడి అనుభవజ్ఞులు పొద్దున్నే మంచు గట్టిగా ఉన్నప్పుడే ఆట ముగిస్తారు. మధ్యాహ్నానికి అది మెత్తబడి కాళ్లు ఇరుక్కుంటాయి, మోకాళ్లు తిరుగుతాయి. మనకు మంచు లేదు గానీ గడియారం మాత్రం అదే.

నాలుగు రౌండ్ల పరీక్షకు నలభై ఎందుకు?

మన రాష్ట్ర కానిస్టేబుల్ పరీక్షలో పరుగు 1600 మీటర్లు. పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద ఇది నాలుగు రౌండ్లే. అబ్బాయిలు రౌండుకు రెండు నిమిషాలు, అంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం నిలుపుకోగలిగితే చాలు. అమ్మాయిలకు రౌండుకు రెండున్నర నిమిషాలకు పైనే ఉంటుంది. దీనికి మెల్లగా నలభై రౌండ్లు కొట్టడం సరైన సాధన కాదు. వారానికి రెండు రోజులు 400 మీటర్లు వేగంగా పరుగెత్తి, రెండు మూడు నిమిషాలు నడిచి, మళ్లీ పరుగెత్తండి. ఇలా ఐదారుసార్లు. ఒకరోజు నిదానంగా ఐదారు కిలోమీటర్లు. మిగతా రోజులు తేలికపాటి పరుగు, ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఇదంతా రోజుకు గంటలోపే అయిపోతుంది. ఐదుంపావుకు మొదలుపెడితే ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటారు.

మరి గంటల తరబడి రౌండ్లు కొట్టేవాళ్లు ప్రపంచంలో లేరా? ఉన్నారు. అమెరికాలో పుట్టిన బ్యాక్‌యార్డ్ అల్ట్రా అనే పోటీలో గంటకోసారి 6.7 కిలోమీటర్ల చుట్టు పరుగెత్తాలి, చివరికి ఒక్కరు మిగిలేదాకా. మనకు దగ్గర్లోనే, బెంగళూరులో 2022 జులైలో 24 గంటల పరుగు ఆసియా, ఓషియానియా పోటీలు జరిగాయి. మన పురుషుల జట్టు బంగారు పతకం గెలిచింది. విజేత 250 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాడు. అయితే అది జులైలో బెంగళూరు చల్లదనం. పక్కనే వైద్య బృందం. వెనక ఏళ్ల సాధన. మన మైదానంలో ఏప్రిల్ ఎనిమిదింటి ఎండలో, పొద్దున టీ తప్ప ఏమీ తాగని కుర్రాడికి దానితో పోలిక లేదు.

లోపలి పొయ్యి

పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగింట మూడొంతులకు పైగా వేడిగానే పోతుంది. ఆ వేడిని బయటికి పంపేది చెమట. చెమట కారితే చాలదు, ఆరాలి. మన అనంతపురం సీమది పొడి ఎండ కాబట్టి చెమట పుట్టగానే ఆరిపోతుంది. ఒంటికి అది మంచిదే. కానీ అందులో ఒక మోసం ఉంది. చొక్కా తడవదు కాబట్టి 'నాకు చెమటే పట్టలేదు సార్' అంటారు. నిజానికి గట్టిగా పరుగెత్తితే గంటకు లీటరు, లీటరున్నర పోతుంది. నమ్మకపోతే పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీళ్లు పోయినట్టు. అది కొవ్వు కరగడం కాదు.

ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. బెంగళూరులో ఏసీ గదిలో పనిచేసి, నోటిఫికేషన్ రాగానే సెలవు పెట్టి ఊరికొచ్చి, మొదటి రోజే స్నేహితులతో సమానంగా పరుగెత్తే వాళ్లకు ఈ ఏర్పాటేదీ ఉండదు. వాళ్లు మొదటి వారం సగం దూరంతో సరిపెట్టుకోవాలి.

నేను చేసిన తప్పు

ఎండీ పూర్తిచేసిన కొత్తల్లో వేరే జిల్లాలో పనిచేసేవాణ్ని. ఏప్రిల్‌లో ఒక ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని ఆటోలో తెచ్చారు. బరువు తగ్గాలని టీషర్టు మీద వాన కోటు తొడుక్కుని పరుగెత్తాడట. ముందురోజు జ్వరం కూడా ఉందట. "మాటలు తేడాగా మాట్లాడె సార్, తమాషా చేస్తాండాడు అనుకొంటిమి" అన్నాడు వెంటవచ్చిన స్నేహితుడు. పక్కన చెయ్యి వేసి నడిపిస్తూ ఇంకో రౌండు కూడా తిప్పారు.

ఒళ్లు కాలుతోంది. కానీ చర్మం తడిగానే ఉంది. చంకలో థర్మామీటరు 103 డిగ్రీలు చూపించింది. వడదెబ్బ అంటే ఒళ్లు పొడిబారాలి అన్న చదువు నాది. మూర్ఛ వచ్చింది గనుక మెదడు జ్వరమేమో, ఫిట్సేమో అనుకున్నాను. సెలైన్ పెట్టి పెద్దాసుపత్రికి రాసి పంపాను. దారిలో గంటన్నర. మూడో రోజు కిడ్నీలు, లివరు రెండూ పాడై పోయాడు. మా ఆసుపత్రి వెనక, నేను చీటీ రాసిన గదికి ఇరవై అడుగుల దూరంలో, నీళ్లు నిండుగా ఉన్న సిమెంటు తొట్టి ఉండేది.

తర్వాత తెలుసుకున్నవి చెబుతాను. శ్రమవల్ల వచ్చే వడదెబ్బలో చర్మం తడిగా ఉండొచ్చు. పరుగెత్తి వచ్చినవాళ్లకు చంకలో, నోట్లో పెట్టిన థర్మామీటరు లోపలి వేడిని తక్కువగా చూపిస్తుంది. లోపల 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి, మనిషి మాటలో, నడకలో తేడా వచ్చిందంటే వడదెబ్బే. చల్లబరచడం అరగంటలోపు జరగాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే ప్రయాణం.

2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలకు గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెడితే పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ముఖ్యమంత్రి మూడు రోజులు పరీక్షలు ఆపించారు. వాళ్లంతా మన పిల్లల్లాంటివాళ్లే.

మైదానంలో మీరేం చేయాలి

తోటివాడు తూలుతున్నా, కోపంగా అరుస్తున్నా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతున్నా పందెం అక్కడితో ఆపేయండి. ఇవాళేం వారం, మనమెక్కడున్నాం అని అడిగి చూడండి. తడబడితే నీడకు మోసుకెళ్లి బట్టలు, బూట్లు తీసేయండి. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగా మిగతావాళ్లు నీళ్ల పని చూడాలి. దగ్గర్లో పశువుల తొట్టి ఉంటే మెడ వరకు అందులో దించి, తల నీళ్లపైన ఉండేలా చంకల కింద గట్టిగా పట్టుకోండి. తొట్టి లేకపోతే బోరు పైపు కింద పడుకోబెట్టండి. అదీ లేకపోతే తడి పంచెలు కప్పి, నీళ్లు చల్లుతూ, అట్టముక్కతోనైనా విసరండి. అలా చేస్తూనే ఉండాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు, సోడా, నిమ్మరసం ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారాసిటమాల్ పనిచేయదు. ఇది జ్వరం కాదు, కాబట్టి జ్వరం మాత్రకు లొంగదు.

కూలిపోయినవాడికి ఊపిరి ఆడకపోతే, లేదా అప్పుడోటి ఇప్పుడోటి ఎగపీలుస్తుంటే అది గుండె ఆగడం. అప్పుడు నీళ్లు కాదు, రొమ్ము మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి.

తాగేది, తినేది

రాత్రి సంగటి తిని పడుకుని, పొద్దున పరుగుకు ముందు ఒకటి రెండు గ్లాసుల నీళ్లు, ఒక అరటిపండు చాలు. తిరిగొచ్చాక ఉప్పేసిన మజ్జిగ, రాగిజావ. ఇంతకు మించిన స్పోర్ట్స్ డ్రింక్ మన ఊళ్లకు అక్కర్లేదు. చెమట బాగా పోయిన రోజున ఓఆర్ఎస్ తాగొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్, అంటే 20.5 గ్రాములు, లీటరు నీటిలో మొత్తం కలపాలి. మా ఆసుపత్రిలో ఊరికే ఇస్తాం. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన పంచదార పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఒక్క డాక్టరు మొండిపట్టు విలువేంటో అక్కడ చూశాను.

పరుగుకు ముందు ఎనర్జీ డ్రింకులు, జిమ్ పొడులు వద్దు. నొప్పి తెలియకుండా డైక్లోఫెనాక్ వేసుకుని పరుగెత్తడం మరీ ప్రమాదం. నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ మాత్ర కిడ్నీల మీద పడుతుంది. పరుగు తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే కండరాలు చితికి ఆ పదార్థం కిడ్నీలోకి వెళ్తోందని అర్థం. 'రెండు రోజులు చూద్దాం' అనకుండా ఆ పూటే రండి.

అమ్మాయిలకు ఒక మాట. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో పదిమందికి దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మూడో రౌండులోనే ఆయాసం వస్తే సాధన తక్కువైందని అనుకోకండి, ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఐరన్ మాత్రలు రెండు మూడు నెలలు వాడితే తేడా మీకే తెలుస్తుంది. అందుకే నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు.

పరుగెత్తేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పినవాళ్లు, ఛాతీనొప్పి వచ్చినవాళ్లు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఈసీజీ, ఎకో చేయించుకున్నాకే మైదానంలోకి దిగాలి. సికిల్ సెల్ లక్షణం ఉన్నవాళ్లూ ముందు చెప్పాలి. జ్వరమొచ్చి తగ్గితే పూర్తిగా కోలుకునేదాకా పరుగు వద్దు.

వడదెబ్బ తగిలి బయటపడ్డవాళ్లయితే కనీసం వారం రోజులు ఏ శ్రమా చేయకూడదు. కిడ్నీ, లివర్, కండరాల పరీక్షలు మామూలుకు వచ్చాక నడకతో మొదలుపెట్టి, వారాల మీద దూరం పెంచుకోవాలి. కిందటి ఎండాకాలం ఇలా కోలుకున్న ఒక అబ్బాయి నా ముందు కూర్చుని "ఈవెంట్స్ ఇంగ ఇరవై దినాలే ఉండాయి సార్" అన్నాడు. వాళ్ల నాయన ఏమీ అనలేదు, కొడుకు రిపోర్టులు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఏడాది పరీక్షకు పంపలేదు. ఈ డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టాడు. ఆరున్నరకు మైదానం వదిలేస్తున్నాడు.