ఒకే తీరున గనబడు రెండు ద్రవములు

రెండు సీసాలలో రెండు ద్రవములున్నవి. రెండును నీటివలె నిర్మలములు. వాసన యించుమించుగా నొక్కటే. నిప్పంటించినచో రెండును నీలిమంటతో మండును. మొదటిది ఇథైల్ ఆల్కహాలు. టింక్చరులలో వాడునదియు, మద్యములలో మత్తు కలిగించునదియు నిదియే. రెండవది మిథైల్ ఆల్కహాలు. రంగులు, వార్నిషులు కరగించుటకు పనికివచ్చు ఈ ద్రవము కడుపులోనికి పోయినచో ఫార్మాల్డిహైడుగాను, పిదప ఫార్మిక్ ఆమ్లముగాను మారి దృష్టినాడిని చెరచును. ప్రాణమునకే ముప్పు తెచ్చును. కంటికి, ముక్కునకు అందని యీ భేదమును రసాయనశాస్త్ర మెట్లు పట్టునో మనము పరిశీలింతము.

మిథైల్ ఆల్కహాలు అణువునందు కర్బన పరమాణు వొక్కటియే. ఇథైల్ ఆల్కహాలు అణువునందు రెండు. 1870లో లీబెన్ వివరించిన అయొడోఫారం పరీక్షకు ఈ భేదమే ఆధారము. ద్రవమునకు అయోడిన్‌ను, కాస్టిక్ సోడాను చేర్చి కొంచెము వెచ్చజేసినచో ఇథైల్ ఆల్కహాలు నుండి పసుపుపచ్చని పొడి యేర్పడును. అదియే అయొడోఫారము. అది యేర్పడుటకు రెండు కర్బన పరమాణువుల కూడిక కావలెను. ఒంటరి పరమాణువు గల మిథైల్ ఆల్కహాలు ఆ పొడి నీయజాలదు.

ఇచట మేమొక హెచ్చరిక చేయవలసియున్నది. రెండును కలిసిన ద్రవమును పరీక్షించినను పసుపు పొడి వచ్చును. ఇథైల్ ఆల్కహాలు ఉండవచ్చుననుటకే అది సాక్ష్యము. మిథైల్ ఆల్కహాలు లేదనుటకు కాదు. ఎసిటోను సయితము అట్టి పొడినే యిచ్చును. ఏ పరీక్షయైనను తన్నడిగిన ప్రశ్నకే బదులు చెప్పును. కావున విషమును గూర్చి వేరుగా ప్రశ్నింపవలెను.

నమూనాను ఆమ్లము కలిపిన పొటాషియం పర్మాంగనేటుతో ఆక్సీకరించినచో మిథైల్ ఆల్కహాలు ఫార్మాల్డిహైడుగా మారును. మిగిలిన పర్మాంగనేటు రంగును పోగొట్టి, క్రోమోట్రోపిక్ ఆమ్లమును, గాఢ గంధకికామ్లమును చేర్చి వేడిచేయగా ఊదారంగు పొడచూపును. ఇథైల్ ఆల్కహాలు నుండి పుట్టు అసిటాల్డిహైడు ఆ రంగు నీయదు. నేటి ప్రయోగశాలలలో గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రములు రెండింటిని వేరుచేసి, ఒక్కొక్కటి యెంత యున్నదో కూడ తెలుపును.

ఇవి యింటిలో చేయదగిన పరీక్షలు కావు. మంట రంగును జూచి సారా మంచిదని నమ్ముట ప్రమాదకరము. మిథైల్ ఆల్కహాలు లక్షణములు పెక్కు గంటలు గడచిన పిదపగాని కనబడకపోవచ్చును. కల్తీ సారా త్రాగినట్లు అనుమానము కలిగినచో, చూపు మసకబారు వరకు వేచియుండక ఆసుపత్రికి కొనిపోవుటయే కర్తవ్యము.