బ్యాండు మేళానికి రెండో క్లారినెట్ ఏది కొనాలి?

పెళ్ళి ఊరేగింపు పోతే మనమంతా కిటికీల దగ్గరికి ఉరుకుతాం కదా. డ్రమ్ముల మోతలో పాట పలికే నల్లటి వాయిద్యం క్లారినెట్. పెళ్ళి బ్యాండుదే కదా అని తక్కువ చూడకండి. తమిళనాడులో ఎ.కె.సి. నటరాజన్ గారు దీనిమీద కర్ణాటక సంగీతం వాయించి 2022లో పద్మశ్రీ పొందారు.

మా చిన్నమామ బ్యాండులో క్లారినెట్ ఊదుతాడు. మాఘం వస్తే ఈ రోజు హిందూపురం, రేపు పెనుకొండ, ఎల్లుండి ధర్మవరం. మూడూ ఒకే రైలుదారిలో ఉన్నాయి. తెల్లారుజాము ముహూర్తమైతే రాత్రే రైలెక్కుతారు. వాయిద్యం చెక్కది. చలిలో ఊదితే ఊపిరి వేడికీ తడికీ లోపల చెక్క ఉబ్బుతుంది, బయట చల్లగా, పొడిగా ఉంటుంది. అప్పుడు చీలుతుంది. పోయిన మాఘంలో పెనుకొండ పెళ్ళిలో అట్లే చీలింది. గాలి పక్కకు పోతే పాట ఎట్లా వస్తుంది? మామకు సగం కూలే ఇచ్చారు. దాన్ని అతికించారు గానీ ఇంకొకటి వెంట ఉండాల్సిందే. డబ్బు చూస్తే తక్కువ.

మొదట చూడాల్సింది ధర కాదు, మీటలు. బోమ్ పద్ధతి, ఆల్బర్ట్ పద్ధతి అని రెండున్నాయి. మామ వేళ్ళకు ఆల్బర్ట్ అలవాటు. బోమ్‌ది ఎంత చవకగా వచ్చినా నడి ఊరేగింపులో వేళ్ళు తడబడతాయి. శ్రుతి కూడా పాతదానిదే ఉండాలి, లేకుంటే ట్రంపెట్‌తో కలవదు.

చెక్కది మాత్రం వద్దు. ప్లాస్టిక్‌దో, ఎబొనైట్ అనే గట్టి రబ్బరుదో అయితే చలికి చీలదు. నాదం పలుచన అంటారు. డ్రమ్ముల పక్కన అది ఎవరికి తెలుస్తుంది? అయితే ఎండలో బస్సు టాపు మీద పెట్టకూడదు, వేడికి వంకర పోవచ్చు.

వాడినది కొంటే ఇట్లా చూడాలి. క్లారినెట్ ఐదు ముక్కలుగా ఊడుతుంది. నడిమి గొట్టాలు రెండూ విడదీసి, ఒక్కోదానికి కింద అరచేయి అడ్డం పెట్టి, రంధ్రాలన్నీ వేళ్ళతో మూసి, పైనుంచి గాలి పీల్చాలి. గొట్టం పెదవికి అతుక్కుంటే మంచిది. అతుక్కోకుంటే ఎక్కడో గాలి కారుతోంది, మీటల కింది మెత్తలు మార్చాల్సి ఉంటుంది. ఆ ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోవాలి. చవక వాటిలో నోటిముక్క బాగుండదు. పాతదాని నోటిముక్క దీనికి బిగుతుగా కూర్చుంటే సగం దిగులు తీరినట్టే.

రీడు సంగతి వేరే. అది గడ్డికాడతో చేసిన పలుచటి పలక, ఊరికే చిట్లుతుంది. మామ నాలుగు దగ్గర పెట్టుకుంటాడు.

మీ ఊర్లో ఎవరైనా పాత ఎబొనైట్ ఆల్బర్ట్ అమ్ముతుంటే నాకు చెప్పండి. మాఘంలోపల కావాలి.

— 9వ తరగతి విద్యార్థిని