గడ్డిని కుళ్లబెట్టేది ఒక్క ఎంజైము కాదు, ఒక ముఠా

కోత మిషన్లు వచ్చాక పొలంలో మిగిలే వరిగడ్డి, కొయ్యకాళ్లు పెద్ద తలనొప్పి అయిపోయాయి. అగ్గిపుల్ల గీస్తే అరగంటలో పని అయిపోతుంది, కానీ గడ్డిలో ఉన్న నత్రజని దాదాపు అంతా పొగలోనే పోతుంది. అందుకే చాలామంది ట్రైకోడెర్మానో, వేస్ట్ డీకంపోజరో, జీవామృతమో చల్లి కుళ్లబెట్టుకుంటున్నారు. మంచి పనే. అయితే ఒకే రకం డబ్బా తెచ్చి ఇద్దరు వాడితే ఒకరి కుప్ప చక్కగా మాగుతుంది, ఇంకొకరిది నెలలు గడిచినా గడ్డిలాగే ఉంటుంది. వెంటనే "మందు నకిలీదండి" అనేస్తాం. నకిలీవి లేవని కాదు. కానీ చాలాసార్లు తేడా డబ్బాలో ఉండదు, కుప్పలో ఉంటుంది. వీడియోలో గడ్డి మీద తెల్లగా పాకి, తర్వాత పచ్చగా మారిన బూజు చూశారు కదా, అది గడ్డిని ఎలా తింటుందో తెలిస్తే ఈ తేడా ఎక్కడొస్తుందో అర్థమవుతుంది.

ఎండు వరిగడ్డిలో మూడో వంతు పైగా సెల్యులోజే ఉంటుంది. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ ముక్కలు వేల సంఖ్యలో ఒకదానికొకటి తగులుకున్న గొలుసు. మనం తినే అన్నంలోని పిండి కూడా గ్లూకోజ్ గొలుసే. మరి అన్నం అరుగుతుంది, గడ్డి ఎందుకు అరగదు? తేడా అతుకులో ఉంది. సెల్యులోజ్‌లో ప్రతి రెండో ముక్క తిరగబడి అతుక్కుంటుంది. దాంతో గొలుసు నిటారుగా వస్తుంది, పక్క గొలుసుతో గట్టిగా ఒత్తుకుని కూర్చుంటుంది. అలాంటి గొలుసులు పదుల సంఖ్యలో కలిసి ఒక పోగు, పోగులన్నీ కలిసి ఒక పేట, మన నులక తాడు లాగా. నీరు కూడా లోపలికి సులువుగా దూరలేదు. మధ్యమధ్యలో మాత్రం పేనడం కాస్త వదులైన చోట్లు ఉంటాయి. బూజుకి దారి దొరికేది అక్కడే.

బూజుకి నోరు లేదు, పొట్ట లేదు. పొట్టలో ఉండాల్సిన జీర్ణరసాన్ని అది బయటికే వదిలేస్తుంది. ఆ రసంలోవే ఎంజైములు. బయట అరిగి తీపి నీళ్లయ్యాక పీల్చుకుంటుంది.

ఈ సంగతి మొదట బాగా పట్టుకున్నది వ్యవసాయం వాళ్లు కాదు, సైన్యం వాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ మహాసముద్రపు సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు, బట్టలు చీకిపోతుంటే ఎందుకని వెతికారు. దొరికింది ఒక ట్రైకోడెర్మా. దాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన ఎల్విన్ రీస్ పేరు మీద 1977లో ట్రైకోడెర్మా రీసీ అని పెట్టారు. గట్టి సెల్యులోజ్‌ని విడగొట్టడం ఒక్క ఎంజైము వల్ల అయ్యే పని కాదని రీస్ బృందం 1950లోనే చెప్పింది. మనం కొనే విరిడి, హార్జియానం దీనికి దాయాదులే.

ఇక ముఠా సంగతి. మొదట దిగేది ఎండోగ్లూకనేజ్. ఇది తాడులో వదులుగా ఉన్న చోట చూసి గొలుసుని నడిమికి తెంపుతుంది. తెంపిన ప్రతిచోటా రెండు కొత్త కొసలు లేస్తాయి. ఆ కొసల కోసం కాచుకుని ఉండేది సెల్లోబయోహైడ్రోలేజ్. దీని ఒంట్లో సొరంగం లాంటి సందు ఉంటుంది. గొలుసు కొసని అందులోకి లాక్కుని, పట్టు వదలకుండా ముందుకు జరుగుతూ, గ్లూకోజ్‌ని రెండేసి ముక్కల చొప్పున కొరికి పడేస్తుంది. ఇందులో రెండు రకాలు, ఒకటి గొలుసుని ఈ కొస నుంచి, రెండోది ఆ కొస నుంచి తింటాయి. ఆ రెండేసి ముక్కల్ని సెల్లోబయోస్ అంటారు. వాటిని విడి గ్లూకోజ్‌గా చేసేది మూడోది, బీటా గ్లూకోసిడేజ్.

ఒక్కొక్కటి విడివిడిగా చేసే పనిని కూడితే వచ్చే మొత్తం కంటే అన్నీ కలిసి చేసే పని ఎక్కువ. కొసలు చేసేవాడు లేకపోతే కొస పట్టుకునేవాడికి పని లేదు. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ ఎంజైములు సెల్యులోజ్ మీద నడుస్తుంటే చాలా శక్తిమంతమైన మైక్రోస్కోపుతో చూశారు. ఒకే రకం ఎంజైము ఉన్నప్పుడు ముందుది అడ్డంకి తగిలి ఆగితే వెనకవన్నీ ఆగిపోయాయి, అచ్చం ట్రాఫిక్ జామ్! రెండో రకాన్ని కలపగానే దారి క్లియర్ అయింది.

2010 తర్వాత ఇంకో సభ్యుడు తెలిశాడు. ఇది గట్టిగా పేనిన చోట కూడా గొలుసుని కోయగలదు. పేరు పెద్దది, ఎల్.పి.ఎం.ఓ. అనుకుందాం. పని చేయడానికి దీనికి తన ఒంట్లో రాగి అణువు ఒకటి కావాలి, ఆక్సిజన్ సాయం కావాలి. రాగి అన్నానని బోర్డో మిశ్రమం తీసుకెళ్లి కుప్పలో పోయకండి, బూజే చచ్చిపోతుంది! మట్టిలో, పేడలో ఉండే రవ్వంత చాలు. ఆక్సిజన్ మాత్రం మనమే అందేలా చూడాలి.

ఇప్పుడు మన కుప్ప దగ్గరికొద్దాం. కళ్లంలో పనలు పేరుకుపోయి నూర్చేవాళ్లు తక్కువైతే కోసేవాళ్లు కూడా ఆగాల్సిందే కదా. ఇక్కడా అంతే. సెల్లోబయోస్ పేరుకుంటే దాన్ని కొరికే ఎంజైము సొరంగమే మూసుకుపోతుంది. ట్రైకోడెర్మా రీసీ దగ్గర ఉన్న లోపం ఇదే, మూడో ఎంజైముని తక్కువగా వదులుతుంది. ఆస్పర్జిల్లస్ అనే నల్ల బూజు దాన్ని దండిగా వదులుతుంది. అందుకే ఫ్యాక్టరీల్లో కూడా రెండింటి రసం కలుపుతారు. కుప్పలో అయితే బ్యాక్టీరియా ఆ తీపిని ఎప్పటికప్పుడు తినేసి చోటు ఖాళీ చేస్తాయి. ఒక్క డబ్బా బూజుని నమ్ముకోవడం కంటే దాంతోపాటు పేడ, గట్టు మట్టి గుప్పెడు వేయడమే మేలని నేను అనేది ఇందుకే.

అందరూ అడిగేది బెల్లం గురించి. "రెండు కిలోలకి బదులు అయిదు కిలోలు వేస్తే తొందరగా కుళ్లుతుందా?" కుళ్లదండి. సులువుగా గ్లూకోజ్ దొరుకుతున్నంతసేపు బూజు సెల్యులోజ్ ఎంజైముల తయారీని అణిచిపెడుతుంది. వండిన అన్నం ముందుంటే వడ్లు ఎవరు దంచుతారు? 200 లీటర్లకి 2 కిలోల బెల్లం డ్రమ్ములో సూక్ష్మజీవుల సంఖ్య పెరగడానికి. ఆ తీపి అయిపోయాకే అవి గడ్డి మీద పడతాయి. ఎక్కువ బెల్లం అంటే ఎక్కువ ఖర్చు, ఈగలు, పులుపు వాసన.

నత్రజని విషయం మాత్రం బెల్లం కంటే ముఖ్యం. ఎంజైము అంటే ప్రొటీన్, ప్రొటీన్ అంటే నత్రజని. వరిగడ్డిలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 60 నుంచి 80 పాళ్లు ఉంటుంది. సూక్ష్మజీవులకి హాయిగా సాగే లెక్క 25, 30 పాళ్లు. లోటుని అవి మట్టిలోంచి లాక్కుంటాయి. పచ్చి గడ్డి దున్నేసి వెంటనే నాటిన మడిలో పైరు పసుపు పచ్చబడేది అందుకే. అది తెగులు కాదు, ఆకలి. గడ్డి మీద పేడనీళ్లు, ఆవు మూత్రం పడితే చాలావరకు తప్పుతుంది. దున్నాక నాటుకి కనీసం రెండు మూడు వారాలు ఎడం ఇస్తే ఇంకా మంచిది.

తేమ సంగతి. గొలుసులో ఒక్క అతుకు తెగాలంటే ఒక్క నీటి అణువు ఖర్చవుతుంది, అంటే నీరు ఇక్కడ ముడిసరుకు. అలాగని నీళ్లు నిలబెడితే గాలి ఆడక బూజు పనే ఆగిపోతుంది. గుప్పెడు తీసి పిండితే రెండు మూడు చుక్కలు రావాలి, ధార రాకూడదు. గడ్డి ముక్కలు చేసి వేస్తే ఎంజైములకి కొసలు, పక్కలు ఎక్కువ దొరుకుతాయి.

పెద్ద కుప్ప నడిమి 60 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికి ట్రైకోడెర్మా తట్టుకోదు, వేడిని ఇష్టపడే వేరే బూజులు, యాక్టినోమైసీట్లు ఆ పని అందుకుంటాయి. కాబట్టి డబ్బా కొన్నవాళ్లు కుప్ప చల్లారాక తిరగేసి కలపండి, మొదటి రోజే పోసి వృథా చేయకండి. కార్బెండజిమ్ కలిపిన డ్రమ్ముని సరిగా కడగకుండా ఇందుకు వాడొద్దు, ట్రైకోడెర్మాకి అది విషం.

పత్తికట్టె, కందికట్టె వేరే కథ. వాటిలో సెల్యులోజ్ చుట్టూ లిగ్నిన్ సిమెంటు పోసినట్టు ఉంటుంది. పైన చెప్పిన ముఠాకి అది కొరుకుడు పడదు. దాన్ని విడగొట్టేవి ముత్యపుచిప్ప పుట్టగొడుగు లాంటి తెల్ల కుళ్లు జాతులు. ష్రెడ్డర్‌తో ముక్కలు చేయకుండా కట్టె మీద ట్రైకోడెర్మా చల్లి ఫలితం రాలేదంటే తప్పు ట్రైకోడెర్మాది కాదు.

మీ మట్టిలో ఈ ముఠా ఉందో లేదో చూడటానికి ల్యాబు అక్కర్లేదు. పత్తి నూలు దాదాపు మొత్తం సెల్యులోజే. పాత నూలు పంచె ఒకటి జానెడు ముక్కలుగా చింపి, ఒకటి ప్రకృతి వ్యవసాయం మడిలో, ఒకటి రసాయనాల మడిలో, ఒకటి గట్టు మీద చెట్టు కింద, బెత్తెడు లోతున పాతి గుర్తుగా పుల్ల గుచ్చండి. మూడు చోట్లా తేమ ఒకేలా ఉండేలా చూసుకుని రెండు నెలలకి తవ్వి పక్కపక్కన పెట్టి చూడండి. జీవం ఉన్నచోట గుడ్డ జల్లెడలా అయిపోతుంది, ఒక్కోసారి కుట్టిన అంచు ఒక్కటే దొరుకుతుంది, ఆ దారం పాలిస్టర్ కాబట్టి.